‘క్లెమ్’: కడుపు మాడినోళ్ల నోట బతికిన ఇంగ్లిష్ మాట

ఇంగ్లిష్‌ల ‘క్లెమ్’ అని ఒక క్రియ ఉండె. తిండి దొరకక కడుపు మాడుడు అని దాని అర్థం. మనిషి పస్తులుంటె ‘క్లెమ్’ అయినట్టు. ఒకడు ఇంకొకని కడుపు మాడిస్తె వాన్ని ‘క్లెమ్’ చేసినట్టు. రెండు తీర్ల నడిచేది. ఇంగ్లండ్‌ల వాయవ్యం దిక్కు, మాంచెస్టర్ చుట్టున్న లాంకషైర్, దాని పక్కన చెషైర్, స్టాఫర్డ్‌షైర్ జిల్లాలల్ల మిల్లు కూలీలు, పొలం కూలీలు రోజు వాడిన మాట. ఇయ్యాల మన బడి పుస్తకాలల్ల లేదు, టీవీ ఇంగ్లిష్‌ల లేదు. ఆ జిల్లాల ముసలోళ్ల నోట అక్కడక్కడ మిగిలి ఉన్నదంతె.

ఎక్కడి లాంకషైర్, ఎక్కడి మనం, ఈ కత మాకెందుకు అంటరేమో. మన దగ్గర ఒక నమ్మకం గట్టిగ పాతుకపోయింది. యాస అనేది మనకే ఉన్నది, ఇంగ్లిష్‌కు లేదు అని. ఇంగ్లిష్ అంటె పుట్టుకతోనే టై కట్టుకున్న భాష అని. గందుకే మన పొల్లగాండ్లు ఊరి మాట ఒకటి పోస్టు చేసి, దాని కిందనే ‘మా భాష గిట్లనే ఉంటది, ఏమనుకోకుండ్రి’ అని ఇంకో ముక్క రాస్తరు. నేను కాలేజీ మెట్లెక్కినోన్ని గాదు. పాత పుస్తకాల దుకాణాలు, డిక్షనరీలు, ఫోన్‌ల దొరికే పాత పుస్తకాలు, గివే నా బడి. ఆ బడిల నాకు దొరికిన మాటలల్ల ఈ క్లెమ్ ఒకటి. దీని కత తెలిస్తె యాస అంటె ఏంది, ప్రమాణ భాష అంటె ఏంది, ఈ రెండిట్ల ఎవరు ఎవర్ని ఎక్కిరిస్తున్నరు అనేది సాఫ్‌గ అర్థమైతది.

చలికొక మాట, ఆకలికొక మాట

ఆకలితోని చచ్చుడుకు మనకు బడిల నేర్పిన మాట ‘స్టార్వ్’. గని దాని ఏర్లు తవ్వితె అండ్ల ఆకలి లేనే లేదు. వెయ్యేండ్ల కింది ఇంగ్లిష్‌ల అది ఉత్త ‘చచ్చుడు’. దానికి అక్కచెల్లె అయిన జర్మన్ మాట ‘ష్టెర్బెన్’ ఇయ్యాల్టికి గూడ చచ్చుడే. పద్నాలుగో శతాబ్దంల చాసర్ కవి కాలంల రోగంతోని పోయినా, కత్తిపోటుకు పోయినా గదే మాట వాడేటోళ్లు. ఆ తర్వాత మెల్లమెల్లగ దాని అర్థం ఇరుకైంది. లండన్ దిక్కు అది ఆకలి చావుకు మిగిలింది. ఉత్తరం దిక్కు చలికి మిగిలింది. లాంకషైర్ల, యార్క్‌షైర్ల ఒక ముసలవ్వ ‘నేను స్టార్వ్ అయితున్న’ అంటె, చలికి వణుకుతున్న, పొయ్యిల నాలుగు బొగ్గులెయ్యి అన్నట్టు. బువ్వ పెట్టుమన్నట్టు గాదు.

మరి ఆకలికి ఏం మాట? గదే క్లెమ్.

పట్నపోడు వింటె ఉత్తరం వాళ్లు స్టార్వ్‌ను తప్పుగ వాడుతున్నరనుకుంటడు. అండ్ల తప్పేం లేదు. ఒక్క పాత మాట రెండు దిక్కులకు చీలి, రెండు అర్థాలు పట్టుకున్నది. లండన్ అర్థం పుస్తకాలకెక్కింది గాబట్టి అది ‘ఒప్పు’ అయింది. లాంకషైర్ అర్థం నోట్లనే ఉండిపోయింది గాబట్టి ‘యాస’ అయింది. గంతే తేడా. ఇంకో సంగతి గూడ ఉన్నది. ఈ విషయంల ఉత్తరపోళ్ల లెక్కనే సాఫ్‌గున్నది. చలికి స్టార్వ్, ఆకలికి క్లెమ్. బొగ్గు కొననీకె పైసల్లేవు, రొట్టె కొననీకె పైసల్లేవు అనే ఇంట్ల రెండు బాధలకు రెండు పేర్లు అక్కరొస్తయి. పొయ్యి మండుతున్న ఇంట్ల, బల్ల మీద రొట్టె ఉన్న ఇంట్ల ఆ రెండు పేర్ల అవసరమే పడదు.

పట్టకారు లెక్క నొక్కే ఆకలి

క్లెమ్ అనే మాట ఎక్కడ్నుంచి వచ్చింది? పాత ఇంగ్లిష్‌ల ‘బెక్లెమ్మన్’ అని ఉండె. బిగబట్టుడు, బంధించుడు అని అర్థం. జర్మన్‌ల ‘క్లెమ్మెన్’ అంటె నొక్కుడు, తలుపు సందుల వేలు పడితె నొక్కుకున్నట్టు. వడ్రంగోళ్లు చెక్కలు బిగించే ‘క్లాంప్’ గూడ గదే కుటుంబం. అంటె ఆ మాట చేసినోళ్ల లెక్కల, ఆకలి అనేది పేగులను పట్టకారుతోని పట్టి నొక్కే బాధ.

మన మాటలు చూడుండ్రి. కడుపు మాడుడు, కడుపు కాలుడు, డొక్కలు ఎండుడు. మన ఆకలికి నిప్పున్నది, ఎండున్నది. వాళ్ల ఆకలికి నొక్కుడున్నది. ఏ ఊరి ఆకలి ఆ ఊరి మాట తెచ్చుకున్నది. గిసువంటి మాటను పండితులు కూసొని తయారు చెయ్యలే. పస్తున్నోళ్లు చేసిండ్రు.

ఈ మాట ఎప్పుడూ మూలకు పడి ఉన్నది గూడ గాదు. 1600 అటుఇటు లండన్ నాటకాలల్ల గూడ ఇది వినిపించింది. బెన్ జాన్సన్ అని షేక్‌స్పియర్ కాలపు నాటకాల రచయిత. సవతి తండ్రి ఇటుకల మేస్త్రి, తను గూడ కొన్నాళ్లు గదే పని చేసిండు. 1599ల వేసిన ‘ఎవ్రీ మ్యాన్ ఔట్ ఆఫ్ హిజ్ హ్యూమర్’ల, 1601ల వేసిన ‘పొయెటాస్టర్’ల ఆయన క్లెమ్ వాడిండు. ఒక నాటకంల పస్తులుండుడు అనే అర్థంల, ఇంకో నాటకంల పస్తులుంచుడు అనే అర్థంల. ఆ తర్వాత లండన్ పుస్తకాల భాష ఆ మాటను ఇడిసిపెట్టింది. ఉత్తరపు కూలీలు ఇడువలే.

పుస్తకంల కింద రాసిన చిన్న నోటు

రెండు వందల ఏండ్లు దాటినంక ఆ మాట మళ్ల అచ్చుల గట్టిగ వినిపించింది. 1840ల కాలం. ఇంగ్లండ్‌ల ఆ పదేండ్లకు ‘ఆకలి నలభైలు’ అని పేరు పడ్డది. మాంచెస్టర్ల నూలు మిల్లులు పొగ కక్కుతుండె. సరుకు అమ్ముడుపోకుంటె మిల్లు బందు. మిల్లు బందైతె కూలీ ఇంట్ల పొయ్యి బందు. ఎలిజబెత్ గాస్కెల్ అనే ఆమె ఆ ఊర్లె పాస్టర్ భార్య. 1845ల ఆమె పసి కొడుకు సచ్చిపోయిండు. ఆ దుఃఖంల నుంచి బయటపడనీకె రాయుమని భర్త విలియం అన్నడు. ఆమె రాసిన నవల ‘మేరీ బార్టన్’, రచయిత పేరు లేకుండ 1848ల వచ్చింది.

అండ్ల జాన్ బార్టన్ అనే నేతగాడు ఉంటడు. మిల్లుల పని పోతది, కొడుకు జబ్బు పడుతడు. మంచి తిండి పెడితెనే బతుకుతడు అని డాక్టర్ చెప్తడు. ఆ తిండికి పైసల్లేవు. దుకాణం ముందట నిలబడి చూస్తుంటె, తనను పనిల నుంచి తీసిన యజమాని భార్య సామాన్లు కొనుక్కొని బండెక్కి పోతది. పిల్లగాడు సచ్చిపోతడు. ఇంకో చోట డావెన్‌పోర్ట్ అనే కూలీ కుటుంబం చీకటి నేలమాళిగల జరంతోని, ఆకలితోని పడి ఉంటది. బార్టన్ తన కోటు, రుమాలు కుదువపెట్టి వాళ్లకు రొట్టె, మాంసం, బొగ్గు తెస్తడు. ఆ డావెన్‌పోర్ట్ కోసం ఆస్పత్రి చీటీ అడగనీకె బార్టన్ దోస్తు మిల్లు యజమాని ఇంటికి పోతె, మూడేండ్లు తన మిల్లుల చేసిన ఆ మనిషి పేరే యజమానికి ఎరుక లేదు. గసువంటి మనుషుల నోట్ల క్లెమ్ అనే మాట మళ్ల మళ్ల వస్తది. గాస్కెల్ ఆ మాట తీసేసి పట్నం మాట పెట్టలే. వాళ్లు ఎట్ల మాట్లాడుతరో గట్లనే రాసింది.

గని పేజీ కింద ఒక చిన్న నోటు పెట్టిండ్రు. క్లెమ్ అంటె ఆకలికి మాడుడు అని చెప్పి, బెన్ జాన్సన్ నాటకంల వాక్యాన్ని సాక్ష్యం తెచ్చిండ్రు. అసువంటి నోట్లు ఆ పుస్తకంల శానా ఉన్నయి, వాటి ఎనుక ఉన్నది భర్త విలియం. ఆయనకు ఆ మాటల మీద మస్తు ఇష్టం. 1854ల లాంకషైర్ మాండలికం మీద ఆయన ఇచ్చిన రెండు ఉపన్యాసాలు నవల తర్వాతి ముద్రణకు గూడ జత చేసిండ్రు. ఈ కూలీలు ఇంగ్లిష్‌ను పాడు చేస్తలేరు, మీరు మరిచిపోయిన పాత ఇంగ్లిష్‌నే కాపాడుతున్నరు అన్నది ఆయన వాదం.

మంచి వాదమే. ఆ కాలంల ధైర్యం గూడ. అయినా నాకు ఆ నోటు కాడ మనసు ఆగుతది. పస్తులున్న నేతగాడు తన బాధకు పెట్టుకున్న పేరు సక్కటి మాట అని నమ్మించాలంటె, రెండున్నర వందల ఏండ్ల కింది నాటకాలాయన సర్టిఫికెట్ తేవాల్సి వచ్చింది. జాన్సన్ ఆ మాట రాయకపోతె ఏమయ్యేది? ఆకలి తక్కువైతుండెనా, మాట తప్పైతుండెనా? రెండూ కాకపోవు. మన దగ్గర గూడ ఊరి మాటకు ఇలువ రావాలంటె ‘ఇది ఫలానా పాత కావ్యంల ఉన్నది’ అని చూపెట్టాలె. చూపెట్టుడు తప్పు గాదు. చూపెట్టకుంటె ఇలువ లేదు అనుడు తప్పు.

గాస్కెల్ తర్వాత రాసిన ఇంకో నవల ‘నార్త్ అండ్ సౌత్’, 1855ల పుస్తకంగ వచ్చింది. దక్షిణం నుంచి మిల్లుల ఊరికి వచ్చిన మార్గరెట్ అనే పిల్ల ‘పని లేక ఖాళీగున్నరు’ అనే మాటను అక్కడి కూలీల తీరుగనే ఇంట్ల అంటది. తల్లికి నచ్చదు. ఆ మోటు మాటలేంది, లండన్ల మీ పిన్ని వింటె ఏమనుకుంటది అని కోప్పడుతది. మిల్లుల ఊర్లె బతుకుతున్నప్పుడు మిల్లుల భాష మాట్లాడాలె గద అని పిల్ల జవాబు. ఈ ముచ్చట మన ఇండ్లల్ల గూడ వినవడుతది. ఊర్లు మారుతయి, పిన్నులు మారుతరు, గంతే.

పత్తి కరువు, సూరత్ అనే తిట్టు

1861ల అమెరికాల అంతర్యుద్ధం మొదలైంది. లాంకషైర్ మిల్లులకు వచ్చే పత్తిల శానా పాలు అమెరికా దక్షిణ రాష్ట్రాలది, బానిసలతోని పండించింది. ఉత్తరం నౌకలు దక్షిణం రేవులను మూసిపెట్టినయి. పత్తి ఆగింది. అప్పటికే గోదాములల్ల అమ్ముడుపోని బట్ట గుట్టలు పడి ఉండె, అదీ ఒక కారణమే. 1862 ఆఖరుకు వచ్చేసరికి సుమారు 5 లక్షల మంది ధర్మం మీద, సర్కారు సాయం మీద బతుకవట్టిండ్రు. దీనికి ‘పత్తి కరువు’ అని పేరు. 1865 దాక నడిచింది.

ఆ రోజులల్ల ఎడ్విన్ వా అనే రచయిత మాంచెస్టర్ పత్రిక కోసం ఇల్లిల్లు తిరిగి కూలీలు చెప్పింది వాళ్ల మాటలల్లనే రాసిండు. స్టేలీబ్రిడ్జ్ ఊర్లె శామ్యూల్ లేకాక్ అనే నేతగాడు పని పోయి, యాసల పాటలు కట్టిండు. ఆ పాటలు ఒంటి కాయితాల మీద అచ్చయి అమ్ముడుపోయినయి, మిల్లు పిల్లలు పాడుకున్నరు. గదే ఊర్లె 1863 మార్చిల, సాయం పైసల రూపంల గాదు, టికెట్ల రూపంల ఇస్తం అని కమిటీ అంటె జనం తిరగబడ్డరు, సైన్యం వచ్చింది. పస్తులున్నోళ్లకు గూడ మానం ఉంటది అని ఆ గొడవ చెప్పింది. ఇంకో దిక్కు, 1862 డిసెంబర్ 31 నాడు మాంచెస్టర్ల పెద్ద సభ పెట్టి, బానిసత్వాన్ని తీసెయ్యాలని లింకన్‌కు ఉత్తరం పంపిండ్రు. వచ్చే నెలలనే లింకన్ జవాబు రాసిండు. లాంకషైర్ అంత ఒక్క మాట మీద లేకుండె, దక్షిణానికి ఓటేసినోళ్లు గూడ ఉండిరి. గని తన కడుపు మాడుతుంటె గూడ ఇంకొకని సంకెల తెగాలె అన్న కూలీలు ఆ ఊర్లె ఉండిరి.

ఈ కత మన దేశాన్ని గూడ తగులుతది. అమెరికా పత్తి ఆగినంక మిల్లులు ఇండియా పత్తి దిక్కు చూసినయి. ఏ జిల్లా పత్తి అయినా అక్కడోళ్లు దాన్ని ‘సూరత్’ అనే పిలిచిండ్రు. పోగు పొట్టిది, చెత్త ఎక్కువ, మగ్గం మీద ఊకె తెగేది. నేసిన కొద్ది కూలి గాబట్టి, దారం తెగితె కూలి తెగినట్టే. సూరత్ అనేది లాంకషైర్ల ఒక తిట్టయింది. లేకాక్ సూరత్ పత్తి నేసే నేతగాని బాధ మీద గూడ పాట కట్టిండు. ఆ పత్తి పండించిన రైతుకు ఇక్కడ నాలుగేండ్లు ధర ఎక్కింది. యుద్ధం ఆగంగనే 1865ల పడిపోయింది, అప్పులు మిగిలినయి. అంతకుముందే లాంకషైర్ మిల్లు బట్ట మన మగ్గాల బువ్వ గుంజుకున్నది. మచిలీపట్నం రేవు నుంచి దేశాలకు పోయిన బట్ట యాపారం పడిపోవుడుల దాని చెయ్యి ఉన్నది. మిల్లు నడిస్తె మన సాలె పస్తు, మిల్లు ఆగితె వాళ్ల నేతగాడు క్లెమ్. ఇద్దరి మాటలు వేరు, ఇద్దరినీ నొక్కిన పట్టకారు ఒకటే.

గాడిదల పిల్లగాడు, ఆరు సంపుటాలు

ఈ మాటలను కాపాడినోళ్లల్ల నాకు అందరి కంటె ఇష్టమైన మనిషి జోసెఫ్ రైట్. 1855ల యార్క్‌షైర్ల పేద ఇంట్ల పుట్టిండు. ఆరేండ్ల వయసుల రాళ్ల గనుల కాడ గాడిదబండి తోలే పని. ఆ తర్వాత సాల్టేర్ ఊరి మిల్లుల దారపు కండెలు మార్చే పని. పదిహేనేండ్లు వచ్చేదాక పేపర్ చదువుడు రాదు. అప్పుడు తనంతట తను చదువు పట్టిండు. నేర్చుకున్న కొద్ది తల్లి ఇంట్లనే రాత్రి బడి పెట్టి తోటి కూలీలకు చెప్పిండు. కూడబెట్టిన పైసలతోని జర్మనీల హైడెల్‌బర్గ్ పోయిండు. ఆంట్‌వెర్ప్ కాడ ఓడ దిగి అక్కడిదాక నడిచిపోయిండు. ఆఖరుకు 1901ల ఆక్స్‌ఫర్డ్‌ల భాషాశాస్త్రం ప్రొఫెసర్ అయిండు. అంత పెద్దగయినంక గూడ తన యార్క్‌షైర్ యాస ఇడిసిపెట్టలే.

ఆయన చేసిన పెద్ద పని ‘ఇంగ్లిష్ డయలెక్ట్ డిక్షనరీ’. 1873ల స్కీట్ అనే పండితుడు మాండలికాల సంఘం ఒకటి పెట్టిండు. జిల్లాల నుంచి వందల మంది మాటలు సేకరించి చీటీల మీద రాసి పంపిండ్రు. ఆ చీటీల కుప్పలు రైట్ చేతికొచ్చినయి. ఆయన తన పూచీ మీద, చందాదారులను కూడగట్టి, 1898 నుంచి 1905 దాక ఆరు సంపుటాలు అచ్చేసిండు. భార్య ఎలిజబెత్ మేరీ గూడ ఆ పనిల తోడు. అండ్ల క్లెమ్ ఉన్నది. ఏ జిల్లాల ‘క్లెమ్’ అంటరు, ఎక్కడ ‘క్లామ్’ అంటరు, ఎట్ల వాడుతరు అన్నీ ఉన్నయి. అండ్ల సాక్ష్యం పెద్ద కవులు ఒక్కళ్లదే గాదు. ఫలానా జిల్లాల ఫలానా తీరుగ అంటరు అన్నదే సాక్ష్యం. కూలీ నోటి మాటకు కూలీ నోరే రుజువు.

మాట ఎట్ల పోయింది

1870ల బడుల చట్టం వచ్చింది, 1880ల పిల్లలు బడికి పోవుడు తప్పనిసరి అయింది. చదువు రావుడు మంచిదే. గని ఆ బడి పట్నం ఇంగ్లిష్ నేర్పుతనే ఇంటి ఇంగ్లిష్‌ను తప్పు అన్నది. 1922ల రేడియో వచ్చింది, ఒక్క తీరు గొంతు ఇల్లిల్లు చేరింది. మిల్లులు మూతపడ్డయి, గల్లీలు చెదిరినయి. 1950 నుంచి 1961 దాక లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు 313 ఊర్లకు పోయి, ఎక్కువగ ముసలి రైతులను, కూలీలను అడిగి రాసుకున్నరు. ఆకలైతున్నది అనేదానికి ఆ వాయవ్య జిల్లాలల్ల ఇంకా ‘క్లెమ్డ్’ అనే జవాబు వచ్చింది. చలికి స్టార్వ్ గూడ దొరికింది. ఆ ముసలోళ్లు పోయినంక మాట పలుచబడ్డది.

ఆకలి పోయింది గాబట్టి మాట పోయిందా? లేదు. ఇయ్యాల గూడ లాంకషైర్ ఊర్లల్ల ఫుడ్ బ్యాంకుల ముందట జనం నిలబడుతున్నరు. పోయింది మాట ఒక్కటే. మిగిలిన స్టార్వ్ గూడ అగ్గువైపోయింది. పిజ్జా పది నిమిషాలు లేటయితె ‘అయామ్ స్టార్వింగ్’ అనే కాలం. నిజంగ పస్తులున్నోడు ఇప్పుడు తన బాధ చెప్పాలంటె, మనం సరదాకు వాడే మాటనే వాడుకోవాలె. తన బాధకు వేరే పేరు లేనోని బాధ ఎదుటోనికి సగమే వినవడుతది. మాట పోతె వచ్చే నష్టం ఇది.

గందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ చేతుల ఫోనున్నది. రైట్ కాడ గది గూడ లేకుండె. కరువు చూసిన అవ్వ, కైకిలికి పోయిన అమ్మ, మగ్గం నేసిన తాత మన ఇండ్లల్ల ఇంకా ఉన్నరు. ఆకలికి, అప్పుకు, అరిగోసకు వాళ్లు ఏమేం మాటలు అంటరో అడుగుండ్రి. మాట రాయుండ్రి, దాని అర్థం రాయుండ్రి, ఏ ఊర్లె అంటరో రాయుండ్రి, వాళ్లు అన్న వాక్యం ఒకటి ఉన్నదున్నట్టు రాయుండ్రి. ఏ కవి వాడిండు అని ఎవరన్న అడిగితె, మా అవ్వ వాడింది అని చెప్పుండ్రి.